డిటెక్టర్‌కి పెట్టిన బొట్టు

ఆ బొట్టు పెట్టింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఎవరు ఏ మాట మింగేశారో, ఎవరు ఎక్కడ సంతకం పెట్టారో అంతా వస్తుంది. కానీ మొదలు నా చేతి దగ్గరే.

అమెరికాలో, నోవై అనే ఊళ్లో మా అమ్మాయి సంహిత ఇంటికి పది మైళ్ల దూరంలో ఒక కంపెనీ ఉంది. పెద్ద లారీలు డీజిల్ లేకుండా హైడ్రోజన్ గ్యాస్‌తో నడిచేందుకు అక్కడ యంత్రాలు తయారుచేసి పరీక్ష చేస్తారు. గ్రీన్‌కార్డు వచ్చిన ఏడాదికి నేను అక్కడ క్లీనింగ్ పనిలో చేరాను. పొద్దున ఏడింటికి రష్మి తన కార్‌లో ఎక్కించుకునేది. ఆ పిల్ల మా వెనక వీధిలో ఉంటుంది, అదే కంపెనీలో టెస్ట్ ఇంజనీరు. దారి పొడవునా పాటలు పెట్టేది, నా డబ్బాలో ఏముందో వాసన చూసి చెప్పేది.

ఇంకొకతను తేజేశ్వర్. గ్యాస్‌తో ఎక్కడ ఏ ప్రమాదం రావచ్చు, వస్తే ఎవరేం చేయాలి అని ముందే ఆలోచించి రాసిపెట్టడం అతని ఉద్యోగం. ఆ కాగితాల కట్టను సేఫ్టీ ప్లాన్ అంటారు. నూట నలభై పేజీలు. అందులో నాలాంటి వాళ్లకు కూడా ఒక పాఠం ఉంది. అందరికీ ఇంగ్లీషులో చెప్పాక, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో మళ్లీ చెప్పాడు.

"ఆంటీ, ఈ గ్యాస్‌కి రంగు లేదు, వాసన లేదు. అంటుకుంటే మంట కూడా పగటిపూట సరిగ్గా కనపడదు. గాలికన్నా తేలిక, లీక్ అయితే పైకి పోయి సీలింగ్ కింద చేరుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. స్విచ్ వేసినప్పుడు వచ్చే రవ్వ కూడా."

"మరి మనకు తెలిసేదెట్లా నాయనా?"

"అదిగో, పైన గుండ్రంగా ఉంది చూడండి, డిటెక్టర్. దాని మొహం జల్లెడలాగా సన్నటి చిల్లులతో ఉంటుంది. గ్యాస్ ఆ చిల్లుల్లోంచి లోపలికి పోతేనే దానికి తెలుస్తుంది. తెలిస్తే ఫ్యాన్లు జోరుగా తిరుగుతాయి, సైరన్ మోగుతుంది. మీ స్ప్రేలు, పాలిష్‌లు దాని దగ్గరకు తేవద్దు."

"నేనే దాని దగ్గరకు పోను."

"ఇంకోటి. ఈ ఎర్ర బటన్ నొక్కితే గ్యాస్ ఆగిపోతుంది, అందరూ బయటికి వెళ్లిపోవాలి. అనుమానం వస్తే ఎవరైనా నొక్కొచ్చు. మీరైనా సరే. తర్వాత ఎవరూ ఏమీ అనరు. ప్లాన్‌లో రాశాను."

ప్లాన్‌లో రాశాడు నిజమే. క్రెయిగ్ మొహం మీద ఎవరూ రాయలేదు. క్రెయిగ్ అక్కడ మేనేజరు. ఆగస్టులో నా మాప్ కర్ర తగిలి ఆ బటన్ నొక్కుకుపోయింది. పరీక్ష మధ్యలో ఆగిపోయింది, అందరూ ఎండలో పోయి నిలబడ్డారు. క్రెయిగ్ నన్ను ఏమీ అనలేదు, నా ముందే నిలబడి మా క్లీనింగ్ కంపెనీకి ఫోన్ చేశాడు. ఇంకోసారి జరిగితే ఇంటికే అని మా సూపర్‌వైజర్ చెప్పింది. మర్నాటికి ఆ బటన్ మీద ప్లాస్టిక్ డబ్బా మూత వచ్చింది.

దసరాకి ఆయుధపూజ చేద్దామని రష్మి ఎత్తుకుంది. తేజేశ్వర్ సరేనన్నాడు గానీ, వంద షరతులు పెట్టాడు. భోజనాల గదిలోనే చేయాలి. అగరొత్తి వద్దు, హారతి వద్దు, అగ్గిపుల్ల మాటే వద్దు. దీపం కూడా బ్యాటరీది.

"తేజా గారూ, కొబ్బరికాయ కొట్టొచ్చా? అందులోంచి కూడా స్పార్క్ వస్తుందేమో!" అంది రష్మి.

"పార్కింగ్‌లో కొట్టండి."

"దేవుడికి బ్యాటరీ అయిపోతే ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలి సార్?"

అతనూ నవ్వాడు. నిప్పు అనేది గది గుమ్మం దాటకుండా అంత జాగ్రత్త తీసుకున్నాడు. తడి గంధం సంగతి అతనికి తట్టలేదు.

రెంచీలు, స్క్రూడ్రైవర్లు, లాప్‌టాప్‌లు, ఫోర్క్‌లిఫ్ట్ తాళంచెవి అన్నీ బల్ల మీద పేర్చారు. రష్మి ఒక కొత్త డిటెక్టర్ తెచ్చి స్టీలు పళ్లెంలో పెట్టింది. పాతదాని గడువు అయిపోయిందట. కొత్తదాన్ని ఆ పొద్దునే గ్యాస్ పట్టి పరీక్ష చేశారు, మధ్యాహ్నం ఎలక్ట్రీషియన్ వచ్చి సీలింగ్‌కి బిగిస్తాడు.

"ఇదే మనందర్నీ కాపాడేది. దీనికి బాగా పెట్టాలి. ఆంటీ, పెద్దవాళ్లు మీరు పెట్టండి."

నేను రెండడుగులు వెనక్కి వేశాను. "నేను పెట్టకూడదమ్మా."

"ఎవరన్నారు?"

"ఎవరనాలి? అందరికీ తెలిసిందే."

"ఇక్కడ ఎవరికీ తెలియదు. రండి," అని కుంకుమ, గంధం ఉన్న గిన్నె నా చేతిలో పెట్టేసింది.

మా ఆయన పోయి తొమ్మిదేళ్లు. తొమ్మిదేళ్లుగా శుభం జరిగే చోట నా చేతికి ఎవరూ కుంకుమ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. రెంచీలకు చుక్క, తాళంచెవికి చుక్క, లాప్‌టాప్‌లకు చుక్క. డిటెక్టర్ దగ్గరకు వచ్చేసరికి రష్మికి ఫోనొచ్చి అటు తిరిగింది. అందర్నీ కాపాడేది, బాగా పెట్టాలి అన్న మాట చెవిలో ఉంది. గడపకు పసుపు రాసినట్టు దాని మొహమంతా గంధం మెత్తాను. చేత్తో అదిమి, నున్నగా చేసి, మధ్యలో రూపాయి బిళ్లంత కుంకుమ పెట్టాను.

పాఠంలో విన్నది ఏమైందని అడగొచ్చు. సీలింగ్ మీద ఉన్నదాని దగ్గరకు ఏమీ తేవద్దన్నారు, నేను తేలేదు. పళ్లెంలో ఉన్నది నా కంటికి వేరేది. అది దేవుడి బొమ్మలా కనపడింది.

మధ్యాహ్నం ఎలక్ట్రీషియన్ వచ్చి పళ్లెం వైపు చూపిస్తూ తుడవనా అన్నట్టు సైగ చేశాడు. రష్మి ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయకుండానే చెయ్యి ఊపి తుడవద్దంది. ఆమె లెక్కలో అది పక్కన ఎక్కడో పెట్టిన చిన్న చుక్క. బిగించాక మళ్లీ గ్యాస్ పట్టి చూడాలని ఫారంలో ఒక గడి ఉంది. పొద్దున చూశాం కదా అని తేజేశ్వర్ అందులో టిక్కు పెట్టి సంతకం చేశాడు.

పన్నెండు రోజులు గడిచాయి.

మంగళవారం పొద్దున లారీల కంపెనీ నుంచి నలుగురు పెద్దమనుషులు వచ్చారు. వాళ్లు చూస్తుండగా పూర్తి ప్రెషర్‌తో మొదటి పరీక్ష. నేను టెస్ట్ రూమ్ బయట వరండాలో బూజు కర్రతో గోడల మూలలు దులుపుతున్నాను. రష్మి హెల్మెట్ పెట్టుకుంటూ గబగబా వచ్చింది.

"ఏమైందే తల్లీ, ఆ పరుగు?"

"ప్రెషర్ కొంచెం కొంచెం పడిపోతోంది ఆంటీ. లీకేమో అనుకున్నాం. డిటెక్టర్ జీరో చూపిస్తోంది కాబట్టి లీక్ కాదు. ప్రెషర్ చూపించే గేజే పాడైనట్టుంది, మార్చేసి వస్తా. చుట్టాలొచ్చినప్పుడే కుళాయి పాడవ్వాలా చెప్పండి!"

లోపలికి పోయింది. తలుపు దానంతటదే మూసుకుంది. గోడకు మందపాటి అద్దం ఉంది, లోపలంతా కనిపిస్తుంది. నాకు ఏ గదిలోకి చూసినా మొదట కళ్లు పైకే పోతాయి, బూజు కోసం. ఆ వేళప్పుడు పై కిటికీలోంచి ఎండ సీలింగ్ మీద పడుతుంది. పసుపుపచ్చటి పెచ్చు కనపడింది. బీటలు వారి ఉంది. మధ్యలో ఎర్రగా గుండ్రంగా.

అది నా చెయ్యి.

జల్లెడ, చిల్లులు, గ్యాస్ లోపలికి పోతేనే తెలుస్తుంది. తేజేశ్వర్ గొంతు మొత్తం ఒక్కసారిగా వినపడింది. దానికి ఊపిరాడే దారి నేను మూసేశాను. అది ఎప్పుడూ సున్నాయే చూపిస్తుంది. ప్రెషర్ పడిపోతోంది, అంటే గ్యాస్ ఎక్కడికో పోతోంది. ఆ పిల్ల దాని కిందే నిలబడి ఉంది.

అద్దం మీద కొట్టాను. రష్మి తలెత్తి చూసి, నవ్వి, చేయి ఊపింది. తన నడుముకి పెట్టుకున్న చిన్న గ్యాస్ మీటర్ కూడా సున్నాయే చూపిస్తూ ఉంటుంది, గ్యాస్ ఉండేది పైన కదా. సంచిలోంచి కరెంటు స్క్రూడ్రైవర్ తీసింది. దానికీ స్విచ్ ఉంటుంది.

ఎర్ర బటన్ నాకు పది అడుగుల దూరంలో ఉంది. పోయి దాని ముందు నిలబడ్డాను. డబ్బా మూత మీద చెయ్యి వేశాను. క్రెయిగ్ మొహం కనపడింది, సూపర్‌వైజర్ మాట వినపడింది. ఒకవేళ నేను అనుకున్నది తప్పైతే? పక్క గదిలో తెర ముందు నలుగురు పెద్దమనుషులు, తేజేశ్వర్ కొత్త చొక్కా. నేను నిలబడిపోయాను. ఎంతసేపో తెలియదు. ఐదు ఊపిర్లా, పదా? ఇంత జరిగాక కూడా నన్ను తినేది ఆ కాసేపే.

మూత ఎత్తి నొక్కాను.

సైరన్ మోగింది. పార్కింగ్‌లో దీపస్తంభం దగ్గర అందరూ చేరాలి, పేర్లు చదివి లెక్క చూసుకోవాలి, అదీ ప్లాన్. చలిగాలి కోసేస్తోంది. లెక్కకు ఒక్కరు తక్కువ. అప్పుడు పక్క తలుపులోంచి రష్మి విసురుగా నడిచి వచ్చింది, చేతిలో ఆ స్క్రూడ్రైవర్ అట్లాగే ఉంది. పోయి ఆ పిల్ల భుజం గట్టిగా పట్టుకున్నాను.

"అబ్బ, నొప్పి ఆంటీ! మీరా నొక్కింది? మళ్లీనా?"

క్రెయిగ్ మొహం కందిపోయి ఉంది. పెద్దమనుషులు తమ కార్ల పక్కన నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు. క్రెయిగ్ తేజేశ్వర్‌తో ఏదో అన్నాడు. ఎందుకు నొక్కావని అడుగుతున్నాడు, అది భాష రాకపోయినా తెలుస్తుంది.

నేను చెప్పాను. "బాబూ, దసరానాడు నేను డిటెక్టర్ మొహమంతా గంధం మెత్తాను. ఇప్పుడే చూశాను, అట్లాగే ఎండిపోయి ఉంది. చిల్లులన్నీ పూడిపోయాయి. సున్నా అని అది అబద్ధం చెప్తోంది. ఆయనకు చెప్పు."

తేజేశ్వర్ మొహంలో నెత్తురు లేదు. క్రెయిగ్ వైపు చూశాడు. కార్ల వైపు చూశాడు. తర్వాత ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి, సారీ అన్నాడు.

నాకు వచ్చిన ఇంగ్లీషు గుప్పెడు. కానీ డస్ట్ అనే మాట నా పని, స్మోక్ అనే మాట ప్రతి గోడ మీదా ఉంది. దుమ్ము చూసి పొగ అనుకుని భయపడిందని చెప్పాడు. క్రెయిగ్ తల అడ్డంగా ఊపి, గడియారం చూసుకుని, అందర్నీ లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు.

"నేను చెప్పింది అది కాదు!"

"ఆంటీ, ప్లీజ్. మెల్లగా," తేజేశ్వర్ నన్ను పక్కకు లాగాడు. "నేను చూసుకుంటాను. వీళ్లు వెళ్లిపోగానే నేనే నిచ్చెన వేసి తుడిచేస్తాను."

"మరి ఆ పిల్ల ఇప్పుడే మళ్లీ లోపలికి పోతుందిగా?"

"ఐదు నిమిషాల పని. ఏం కాదు." అతని పళ్లు కొట్టుకుంటున్నాయి, చలికో దేనికో. "నా వీసా ఎక్స్‌టెన్షన్ ఇంకా పెండింగ్‌లో ఉంది ఆంటీ. ఆఫీసులో పూజకు ఓకే అన్నది నేను. ఆ ఫారం మీద సైన్ నాది. ఇప్పుడు వీళ్ల ముందు చెప్తే..."

అతన్ని వదిలేసి రష్మి దగ్గరకు పరుగెత్తాను. "నువ్వు పోవద్దు. నేను పెట్టిన బొట్టు దాని మొహం మూసేసింది."

"బొట్టా? చిన్న చుక్కే కదా ఆంటీ. నేను చూశాగా, అన్నిటికీ చుక్కే పెట్టారు."

"దానికి కాదే! దానికి మొత్తం మెత్తాను!"

రష్మి ఒక్క క్షణం ఆగింది. నా తల మీదుగా తేజేశ్వర్‌ని చూసింది. "తేజా గారూ? మీరు చెక్ చేశారు కదా?"

"చేశాను," అన్నాడు అతను.

ఆ పిల్ల నా చేతిని మెల్లగా విడిపించుకుంది. "మీరు భయపడ్డారు ఆంటీ. ఇంటికెళ్లేటప్పుడు మాట్లాడుకుందాం. ఏడవకండి, అందరూ చూస్తున్నారు." తలుపు వైపు నడిచింది.

అక్కడ నా భాష తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు వినలేదు, ఒకరు విని మింగేశారు. ఇంకెవరికి చెప్పాలి, ఏ నోటితో చెప్పాలి?

డేల్ అందరికన్నా వెనక నడుస్తున్నాడు. ముసలి టెక్నీషియన్, ఒక కాలు కొంచెం ఈడుస్తాడు. నా పులిహోర తిని గుడ్ రైస్ అంటాడు, అంతే మా స్నేహం. అతని బెల్టుకి ఒక చిన్న గ్యాస్ మీటర్, భుజాన సంచిలో పరీక్ష గ్యాస్ సీసా ఎప్పుడూ ఉంటాయి. వారానికోసారి ఆ సీసా గొట్టం మీటర్‌కి పెట్టి, అది కీచుమంటే మళ్లీ బెల్టుకి తగిలించుకోవడం నేను చూస్తూనే ఉన్నాను.

నా కోటు జేబులో వాజలీన్ డబ్బా ఉంది, ఇక్కడి చలికి చేతులు పగులుతాయని. పోయి డేల్ బెల్టు మీద మీటర్ పట్టుకుని, దాని చిల్లుల మీద రెండు వేళ్లతో దట్టంగా వాజలీన్ మెత్తేశాను. అతను హే హే అని అరిచి నా మణికట్టు పట్టుకున్నాడు. రెండో చేత్తో సీసా చూపించాను. పెట్టు, పెట్టి చూడు అన్నాను తెలుగులోనే.

మీటర్ పాడుచేశానన్న కోపంతోనే అతను గొట్టం పెట్టి చూశాడు. అది కీచుమనలేదు. ఇంకోసారి పెట్టాడు. సున్నా.

నేను ఉంగరం వేలితో నా నుదుటి మీద బొట్టు పెట్టుకున్నట్టు చూపించాను. తర్వాత అరచేత్తో మొహమంతా పూసుకున్నట్టు చూపించాను. తర్వాత ఆ భవనం పైకప్పు చూపించాను.

డేల్ నా వైపు చూశాడు. మీటర్ వైపు చూశాడు. దసరానాడు అతని రెంచీకి కూడా నేను బొట్టు పెట్టాను, పళ్లెం పక్కనే నిలబడి ప్రసాదం తిన్నాడు. అతని నోరు తెరుచుకుంది. ఈడ్చే కాలుతోనే పరుగెత్తాడు, స్టాప్ స్టాప్ అని అరుస్తూ. రష్మి చెయ్యి అప్పటికే తలుపు పిడి మీద ఉంది.

ఆ తర్వాత జరిగింది నిలబడి చూశాను. గ్యాస్ ఆపేసి ఉంచారు. ఫ్యాన్లు చాలాసేపు తిప్పారు. క్రెయిగ్ డిటెక్టర్ అంకె కనిపించే తెర ముందు నిలబడ్డాడు. డేల్ నిచ్చెన ఎక్కి సీలింగ్ మీది డిటెక్టర్‌కి సీసా గొట్టం పట్టాడు. తెర మీద సున్నా. సీసా సగమయ్యింది, సున్నా. మొత్తం అయిపోయింది, సున్నా. డేల్ గోటితో గీకి, పసుపుపచ్చటి పెచ్చులు అరచేతిలో తెచ్చి క్రెయిగ్‌కి చూపించాడు. తర్వాత గొట్టాల అతుకుల్లోకి ప్రమాదం లేని వేరే గ్యాస్ పంపి, సబ్బునీళ్లు పోసి చూశారు. ఒక అతుకు దగ్గర నురగ పాలు పొంగినట్టు పొంగింది.

రష్మి పార్కింగ్ గట్టు మీద కూర్చుంది. చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాలని రెండుసార్లు చూసింది. వేళ్లు విడిపోలేదు. నేనే ఒక్కొక్క వేలూ విప్పాను.

సాయంత్రం మా సూపర్‌వైజర్ ఫోన్ చేసి రేపటి నుంచి రావద్దంది. అది నాకు పెద్దగా తగల్లేదు.

మూడో రోజు మధ్యాహ్నం సంహిత ఆఫీస్‌కి పోయాక తేజేశ్వర్ ఇంటికొచ్చాడు. గడ్డం గీసుకోలేదు. చేతిలో కాగితాలు. జరిగిందంతా రిపోర్టు రాయమన్నారట, నేను చెప్పింది నిజమని నా సంతకం కావాలట. బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్క ముక్కా తెలుగులో చదివాడు. పూజ, గంధం, ఎలక్ట్రీషియన్, టిక్కు పెట్టిన గడి, అన్నీ ఉన్నాయి. తన పేరు ఎక్కడా దాచలేదు. రెండో కాగితం చివర ఆగిపోయాడు.

"చదువు నాయనా."

"పార్కింగ్‌లో ఆమె చెప్పిన విషయాన్ని నేను మేనేజర్‌కి తప్పుగా చెప్పాను. డిటెక్టర్ చెక్ చేశానని రష్మికి చెప్పాను. చేయలేదు." చదివి కాగితం బల్ల మీద పెట్టాడు. "ఈ రెండు మాటలూ మీకూ రష్మికీ తప్ప ఇంకెవరికీ తెలియవు ఆంటీ. మీరేం చెప్తే తనూ అదే చెప్తానని రష్మి అంది. మిగతాది పొరపాటు అంటారు, వదిలేస్తారు. ఇది ఉంటే ఉద్యోగం పోతుంది. అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే దేశం వదలాలి. మా పాప అనుష్క ఫస్ట్ గ్రేడ్‌లో చేరి రెండు నెలలు." చేతులు మొహం మీద పెట్టుకున్నాడు. "ఉంచమంటారా? తీసేయమంటారా?"

"తీసేయాలని ఉంటే ఇంట్లోనే తీసేసి తేవచ్చుగా. నాకు ఇంగ్లీషు రాదు."

"మీరే తీసేయమంటారని వచ్చాను."

తప్పు మొదలుపెట్టిన చెయ్యి నాది. దాని శిక్ష ఆ చిన్నపిల్ల మీదకు పోతోంది. తీసేయ్ అని నాలుక చివరి దాకా వచ్చింది. కానీ కళ్లు మూసుకుంటే తలుపు పిడి మీద రష్మి చెయ్యి కనపడుతోంది. ఆ గది రేపు మళ్లీ తెరుస్తారు. ఇంకో సీలింగ్ కింద ఇంకో పిల్ల నిలబడుతుంది. చెక్ చేశాను అని ఇంకొకడు చెప్తాడు, అందరూ నమ్ముతారు.

"ఇంకోటి కూడా రాయి," అన్నాను. "బటన్ ముందు క్లీనింగ్ ఆవిడ నిలబడిపోయింది. ఆగస్టులో ఏం జరిగిందో గుర్తొచ్చి నిలబడిపోయింది. నొక్కితే ఎవరూ ఏమీ అనరని నువ్వు రాశావు, అది అబద్ధమైంది. ఆ మాటా రాయి."

పెన్ను తీసి రాశాడు. చాలాసేపు రాశాడు.

"ఆ రెండు మాటలూ?" అన్నాడు తల ఎత్తకుండా.

"ఉంచు."

కాగితం నా వైపు తిప్పాడు. ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ తెలుగులోనే నా పేరు రాశాను, రాజేశ్వరమ్మ అని. అతను కాగితాలు మడిచి, చెప్పులు వేసుకుని, వెళ్తాను ఆంటీ అన్నాడు.

కిటికీలోంచి చూస్తున్నాను. కార్‌లో కూర్చున్నాడు, స్టార్ట్ చేయలేదు. పావుగంట అయింది. అరగంట అయింది. పొయ్యి మీద అన్నం దించి చాలాసేపైంది, తినిపొమ్మని పిలవాలనిపించింది. ఏ మొహం పెట్టుకుని పిలవను?